వంక లేని బొమ్మ

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరి అభిప్రాయం. కాదని నేనూ వాదించను. అలాంటిదాన్ని ఒక్క సంగతి మాత్రం మా మావయ్యకి తెలియకుండా ఏడాదిగా దాచుకొస్తున్నాను.

మా అత్తయ్య దర్జీ. వీధి వైపు గదిలో రెండు మిషన్లు, గుడ్డ కత్తిరించే పొడవాటి బల్ల, ఆవిడ కింద కుట్టేవాళ్ళు ఇద్దరు. ఎవరింటికి వెళ్ళినా ముందు కర్టెన్ల అంచులు చూస్తుంది, ఆ తరవాతే మనుషుల్ని పలకరిస్తుంది. ఆవిడ నోటినుంచి రాగల అతి పెద్ద మెచ్చుకోలు రెండు మాటలు: "వంక లేదు." ఈ సంగతి జరిగేనాటికి, కోడలినై వచ్చిన నేను ఆ మాట ఆరేళ్ళుగా సంపాదించలేకపోయాను. మావయ్య ముప్పై రెండేళ్ళుగా సంపాదించలేకపోయాడు. అందుకని నేను పెద్దగా బాధపడలేదు.

మావయ్యది అద్దాల షాపు. అద్దాలు కోస్తాడు, ఫొటోలకి ఫ్రేములు కడతాడు. అత్తయ్య పది మాటలంటే ఆయన ఒక్క "ఊఁ" అంటాడు, అదీ కాస్త ఆలస్యంగా. కొత్తలో నేనాయన్ని ఉలుకూ పలుకూ లేని మనిషి అనుకున్నాను. నా తొందరపాటు అలాంటిది.

పోయిన ఏడాది అత్తయ్య కుడికంట్లో వెనక పొర ఊడింది. ఆపరేషన్ చేసిన డాక్టరు మమ్మల్నందర్నీ నిలబెట్టి మరీ చెప్పింది.

"పదిరోజులు మొహం నేలవైపే ఉండాలి. పడుకున్నా, కూర్చున్నా అంతే. గంటకి పది నిమిషాలు మాత్రం లేవనిస్తాను. కంట్లో గాలిబుడగ పెట్టాం. అది పైకి తేలి, ఊడిన పొరని నొక్కి పట్టాలి. ఊరికే తల ఎత్తారంటే బుడగ పక్కకి పోతుంది, పొర మళ్ళీ ఊడొస్తుంది. అప్పుడు ఆ కన్ను దక్కుతుందని నేను చెప్పలేను."

కన్ను పోతే అత్తయ్యకి కుట్టు పోయినట్టే. కుట్టు పోయిన అత్తయ్యని ఊహించుకోవడానికి కూడా మాకెవరికీ ధైర్యం చాల్లేదు.

నుదురు ఆనించుకునే కన్నం దిండొకటి ఆస్పత్రివాళ్ళే ఇచ్చారు. మంచం అంచుకి బిగించి, బోర్లా పడుకుని, మొహం అందులో పెట్టుకోవాలి. మొదటిరోజు ఆవిడ పదకొండు సార్లు తలెత్తింది. పక్కగదిలో కత్తెర చప్పుడైతే చాలు, "ఆ గుడ్డ అడ్డంగా కోస్తున్నారు, నాకు చప్పుడులోనే తెలుస్తోంది" అంటూ లేచేది.

"అత్తయ్యా, మీకు కన్ను కావాలా, గుడ్డ కావాలా?"

"రెండూ కావాలి."

"ముందు మొహం కిందికి పెట్టండి!"

"పెట్టి ఏం చూడనే? ఈ నాలుగు గచ్చుపలకలేగా? ఆ మూడోది వంకరగా వేశాడు. పదిరోజులు దాన్నే చూస్తూ ఉంటే నాకు పిచ్చెక్కుతుంది."

కసిరానేగానీ, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఈవిడ తన కన్ను తనే పోగొట్టుకునేలా ఉంది, ఆపడం నా వల్ల కాదు.

రెండోరోజు పొద్దున మావయ్య షాపు తెరవలేదు. ప్రొజెక్టరు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. అది మా ఆయన మోజుపడి కొన్న అరచేతిలో పట్టే డబ్బా. హాలు గోడమీద రెండు సినిమాలు చూశాక మోజు తీరి అటకెక్కింది.

"ఇది గోడమీదే పడుతుందా అమ్మాయ్?" అన్నాడు.

"ఎటు తిప్పితే అటు పడుతుంది మావయ్యా."

"ఊఁ."

ఇక చూడాలి ఆయన పని! హాల్లోంచి గాజు టీపాయ్ తెచ్చి అత్తయ్య మొహం కిందకి జరిపాడు. ఆవిడ డిజైన్లు దించుకునే ట్రేసింగ్ పేపరు గాజుమీద ముడత లేకుండా పరిచి అతికించాడు. షాపునుంచి ఒక అద్దం కోసుకొచ్చి, చెక్కముక్కలు కొట్టి, టీపాయ్ కింద ఏటవాలుగా నిలబెట్టాడు. ప్రొజెక్టరు నేలమీద నాలుగడుగుల దూరంలో ఉంటుంది. వెలుగు అద్దాన్ని కొట్టి, పైకి లేచి, కాగితంమీద బొమ్మ కడుతుంది. పైనుంచి అత్తయ్య చూస్తుంది. పగటి వెలుతురులో బొమ్మ తేలిపోతోందని మంచం అంచునుంచి కిందిదాకా నల్లగుడ్డ గుడారంలా దించాడు. దాంతో అత్తయ్య తల, టీపాయ్ ఆ గుడారంలోకి వెళ్ళిపోయాయి. కొలత కోసం ఒక్కసారైనా టేపు తియ్యలేదు. మాటలు రాని మనిషి అనుకున్నాను, ఆయనకి మాటలతో పనిలేదంతే. నాకు సిగ్గేసింది, గర్వంగానూ అనిపించింది.

చివర్న గుడ్డ అంచెత్తి, గుడారంలోకి తల దూర్చి, నేలమీద వెల్లకిలా పడుకుని పైకి చూశాడు. నేనూ పక్కనుంచి వంగి చూశాను. సినిమా పేర్లు పడుతున్నాయి. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి.

"అద్దం కదా, కుడి ఎడమవుతుంది" అన్నాడు. "తిప్పే వీలుందా?"

సెట్టింగులంటే నా తరవాతే ఎవరైనా. మీట నొక్కాను. అక్షరాలు సరిగ్గా నిలబడ్డాయి. "ఎంత తెలివి మావయ్యా మీది!" అన్నాను. అంత పెద్దమనిషీ చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"అత్తయ్యా, ఎలా ఉంది?"

"కనిపిస్తోందిలే. కానివ్వండి" అంది.

లేవనిచ్చిన పది నిమిషాలు తప్ప ఆ రోజు ఆవిడ తలెత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. పూటకో సినిమా. పక్కగదిలో కత్తెర తన పని తాను చేసుకుపోయింది. అద్దం జారుతుందేమోనన్న సాకుతో మావయ్య తొమ్మిది రోజులూ గుడారం కింద వెల్లకిలా పడుకునే ఉన్నాడు. పైనుంచి ఆవిడ, కిందనుంచి ఆయన, మధ్యలో ఒక కాగితం మీద సినిమా. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ కలిసి అన్ని సినిమాలు చూసి ఉండరు.

నాలుగోరోజు ఒక్కసారి మాత్రం అత్తయ్య, "ఈ సినిమాలో చొక్కాలు ఎవరు కుట్టారో..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు మావయ్య కిందనుంచి.

"ఏం లేదు. నోరు మూసుకుని చూడండి."

పదకొండోరోజు ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరు చాలాసేపు లైటు వేసి చూసి, "పొర చక్కగా అతుక్కుంది. కదలకుండా ఉన్నారు, అదే కాపాడింది" అంది. మా ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అత్తయ్య తలెత్తి ముందుగా మావయ్య చొక్కా కాలరు సర్దింది.

ఇంటికొచ్చాక మావయ్య గుడారం విప్పబోయాడు. "ఆగండి, నేనూ ఒక్కసారి రాణిలా పడుకుని చూస్తాను" అని మంచమెక్కి దిండులో మొహం పెట్టాను. ఆయన కిందనుంచి సినిమా వేశాడు.

పేర్లన్నీ తిరగబడి ఉన్నాయి. హీరో వచ్చాడు. చొక్కా జేబు కుడివైపు ఉంది. గుండీలు ఆడవాళ్ళ చొక్కాకున్న వైపున్నాయి. ఎడమచేత్తో ఉత్తరం రాస్తున్నాడు. నాకు చప్పున అర్థమైంది. అద్దం పైవాళ్ళకి సరిగ్గానే చూపించింది మొదట. మేమే కింద పడుకుని, కిందివాళ్ళకి సరిచేసి, పైన తిరగేశాం. అద్దాల్లో ముప్పై ఏళ్ళు గడిపిన మనిషీ, సెట్టింగుల్లో నన్ను మించినవాళ్ళు లేరనుకునే నేనూ కలిసి చేసిన నిర్వాకం!

నోరు తెరవబోయాను. వీపుమీద చురుక్కుమని గిల్లు. అత్తయ్య.

"ఎలా ఉందమ్మాయ్?" అన్నాడు మావయ్య కిందనుంచి.

"బావుంది మావయ్యా" అన్నాను.

ఆవిడని వంటింట్లోకి లాక్కెళ్ళి అడిగాను. "తొమ్మిది రోజులు! మీరు! గుండీ ఒక్క నూలు పక్కకి పోతే నిద్రపట్టనివారు! ఒక్క మాట చెబితే అరనిమిషంలో తిప్పేదాన్ని కదా?"

"మొదటి నిమిషంలోనే చెబుదామనుకున్నానే," అంది గొంతు తగ్గించి. "ఇంతలో ఆయన నవ్వు వినపడింది. ఆ మనిషి అలా నవ్వగా విని ఎన్నేళ్ళైందో! తలెత్తి మొహం చూడాలనిపించింది. చూస్తే కన్ను పోతుంది. కనీసం ఆ నవ్వైనా ఉండనిద్దామని ఊరుకున్నాను."

ఇద్దరం మళ్ళీ గదిలోకి వచ్చాం. మావయ్య నేలమీద కూర్చుని అద్దం తుడుస్తున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"చూడ్డానికి ఇబ్బందేమీ కాలేదుగా?"

అత్తయ్య ఆయన ఎదురుగా నేలమీద చతికిలబడింది. ఇప్పుడు తలెత్తచ్చు కనుక ఆయన మొహంలోకి తిన్నగా చూసింది.

"వంక లేదు" అంది.

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. అప్పటికే తళతళలాడుతున్న అద్దాన్ని మళ్ళీ మొదట్నుంచి తుడవడం మొదలుపెట్టాడు. ఆ మాట కోసం ఆరేళ్ళుగా కాచుకుని కూర్చున్నది నేను. అయినా అది ఆయనకే దక్కిందని నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, సంతోషంతోనే.