రిపోర్టులో ఒక పేరా

తీరాంధ్ర యూనివర్సిటీలో ఆ వేసవికి నల్లబోర్డులన్నీ పీకేసి గోడలకు పెద్ద పెద్ద టచ్ స్క్రీన్లు బిగించారు. జూన్ నుంచి పాఠం వాటి మీదే చెప్పాలి, హాజరు ఆన్‌లైన్లో వెయ్యాలి, జవాబు పత్రాలు కంప్యూటర్లో దిద్దాలి. అధ్యాపకులకు అదంతా నేర్పడానికి మే నెలలో ఐదు రోజుల శిక్షణ పెట్టి, నడిపే బాధ్యత కంప్యూటర్ విభాగంలోని వనజాక్షికి అప్పగించారు. పులికాట్ ఒడ్డున వలలు వేసే ఇంటి నుంచి వచ్చి, ముప్పై మూడేళ్లకే పర్మనెంటు ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. ఏ పనైనా సగంలో వదలడం ఆమెకు చేతకాదు.

శిక్షణకు వచ్చిన ముప్పై ఇద్దరిలో హజరత్తయ్య ఒక్కడే మౌస్ ముట్టుకోలేదు. ఆయన లెక్కల మాస్టారు. వయసు యాభై ఎనిమిది. ఇరవై రెండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. ఏటా జూన్‌లో ఉత్తర్వు వస్తే ఆ ఏడాదికి ఉద్యోగం ఉన్నట్టు. బిట్రగుంట నుంచి ప్యాసింజరు రైల్లో వచ్చి, వెనక వరసలో గోడ పక్కన కూర్చునేవాడు.

రెండోరోజు మధ్యాహ్నానికి వనజాక్షికి విసుగొచ్చింది.

"అందరూ నేర్చుకుంటా ఉండారు సార్. మీరొక్కరే ఇట్టా చేతులు కట్టుకోని కూర్చుంటే ఎట్టా?"

"నాకు చాక్‌పీస్ చాలమ్మా," అన్నాడాయన.

"చాక్‌పీసులు ఇంక రావు సార్. రండి, ఈ పెన్నుతో ఒక లెక్క చెయ్యండి."

హజరత్తయ్య లేచాడు. బెంచీల అంచులు వేళ్లతో తాకుతూ ముందుకొచ్చి, స్క్రీన్ పెన్ను తీసుకున్నాడు. అనంత శ్రేణుల మీద ఒక సిద్ధాంతం ఎత్తుకుని, ఎక్కడా తడుముకోకుండా, నవ్విస్తూ, ప్రశ్నలు అడుగుతూ పావుగంటలో నిరూపించాడు. చరిత్ర మాస్టార్లకు కూడా అర్థమైంది. గదంతా చప్పట్లు కొట్టింది. కానీ ఆయన రాసిన మూడో వరస రెండో వరస మీద పడింది. నాలుగోది రాస్తుంటే పెన్ను స్క్రీన్ అంచు దాటి గోడ మీదికి పోయింది. కొత్త పెన్ను కదా అని అందరూ నవ్వారు. వనజాక్షికి నవ్వు రాలేదు.

సాయంత్రం ఆమె స్కూటీ మీద స్టేషన్‌కు వెళ్లింది. ఆయన ప్లాట్‌ఫారం చివర బల్ల మీద ఉన్నాడు.

"సార్, నేను వనజాక్షిని. మీకు కనపడతా ఉండాదా?"

ఆయన బల్ల మీద కాస్త జరిగి ఆమెకు చోటిచ్చాడు.

"పక్కల కనపడతాదమ్మా. మధ్యలో లేదు. నిన్ను నేరుగా చూస్తే నీ మొఖం ఉండదు, చెవులుంటాయి." నవ్వబోయి మానుకున్నాడు. "షుగరు. నెల్లూరులో రెండుసార్లు ఆపరేషన్ చేసినారు. ఇంక చేసేదేం లేదన్నారు. మూడేళ్లయింది."

"మూడేళ్లా? మరి పాఠాలు?"

"తలకాయలో ఉండాయి గదా. కొత్త పుస్తకమైతే మా ఇంటామె రాఘవమ్మ చదివి వినిపిస్తాది. ఏడో తరగతి దాకా చదివింది. గుర్తులు తెలవవు. సమాకలన గుర్తును గాలం అంటాది. తీటాను నడుముకు తాడు కట్టిన గుడ్డు అంటాది. పేపర్లు గూడా అట్నే దిద్దుతాం. ఒక్క మార్కు తేడా రాలేదు ఇంతవరకు." ఆమె వైపు చెవి తిప్పాడు. "ఎవురికీ చెప్పొద్దమ్మా. అరవై దాకా రెండేళ్లు. అంతే."

"చెప్పను సార్," అంది వనజాక్షి.

మర్నాటి నుంచి శిక్షణ అయ్యాక ఒక గంట ఆయన్ను ల్యాబులో ఉంచుకుంది. తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది. మౌస్ పక్కన పెట్టించి, ఏ మీట ఏ పనికో వేళ్లకు అలవాటు చేసింది. రెండో సాయంత్రానికే హజరత్తయ్య హాజరు పట్టీ తెరిచి, ముప్పై పేర్లు విని, తానే నమోదు చేశాడు. కానీ సమీకరణాల దగ్గరికి రాగానే ఆ యంత్రం వాటిని బొమ్మలనుకుని "చిత్రం, చిత్రం" అని ఊరుకునేది.

"ఈ మాత్రం మా రాఘవమ్మే నయం," అన్నాడు.

చివరి రోజు ఆన్‌లైన్ పేపర్లోని ఒక వార్త మొదటి నుంచి చివరిదాకా తానే విన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"మూడేళ్ల తరవాత నా అంతట నేను చదువుకున్నానమ్మా."

ఆ మాట వనజాక్షిని నిలవనివ్వలేదు. లెక్కల గుర్తుల్ని కూడా చదివే సాఫ్ట్‌వేర్ ఉందని ఆమెకు తెలుసు. యూనివర్సిటీ కొంటే చాలు. చూపు తగ్గిన ఉద్యోగికి సాయం చెయ్యాలని చట్టమే చెబుతోంది. శిక్షణ రిపోర్టు రాస్తూ చివర ఒక పేరా చేర్చింది. గణిత విభాగంలోని హజరత్తయ్య గారికి చూపు బాగా తగ్గిందనీ, అయినా అందరికంటే త్వరగా నేర్చుకున్నారనీ, ఆ సాఫ్ట్‌వేరూ ఒక సహాయకుడూ ఇస్తే చక్కగా పాఠాలు చెప్పగలరనీ రాసింది. ఆయనకు ఫోన్ చేసి అడగాలని ఒకసారి అనుకుంది. అడిగితే వద్దంటాడు. మంజూరయ్యాక చెబితే సంతోషిస్తాడనుకుంది. సంతకం చేసి పంపింది.

జూన్ రెండో వారంలో కాంట్రాక్టు ఉత్తర్వులు వచ్చాయి. హజరత్తయ్య పేరు లేదు.

వనజాక్షి వెళ్లి అడిగితే రిజిస్ట్రార్ సుశీల్ కుమార్ కోప్పడలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించాడు.

"ఆయన పర్మనెంటు కాదమ్మా. కొత్త ఉత్తర్వుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాల. కనపడదని మీరే రాసినారు. చూసి చూసి ఎట్టా ఇచ్చేది?"

"నేర్చుకున్నారని గూడా రాసినాను సార్. చట్టం..."

"ఉద్యోగంలో ఉన్నోళ్లకు చట్టం. ఆయన కాంట్రాక్టు మే నెలతోనే అయిపోయింది."

ఆ మధ్యాహ్నమే ఆమె బిట్రగుంట వెళ్లింది. రైల్వే కాలనీ వెనక రెండు గదుల అద్దె ఇల్లు. హజరత్తయ్య మంచం మీద గోడవైపు కూర్చున్నాడు. ఉత్తర్వు సంగతి అప్పటికే తెలిసింది. ఎందుకో ఆయనకు తెలియదు. వనజాక్షి నిలబడే చెప్పింది, తాను రాసిన పేరా ఒక్క మాట వదలకుండా.

"సాఫ్ట్‌వేర్ కొంటారనుకున్నా సార్."

రాఘవమ్మ చేతిలో చేట పక్కన పెట్టింది.

"మంచికే రాసుంటావు తల్లీ. కాదనను. కానీ ఆయన నోరు తెరిచి చెప్పొద్దన్నాడు గదా. మూడేండ్లు కడుపులో పెట్టుకున్నాం. మా పిలకాయలకు గూడా చెప్పలా. నిన్నెవురు రాయమన్నారు?"



"ఊరుకోవే," అన్నాడు హజరత్తయ్య. తర్వాత వనజాక్షి నిలబడిన వైపు తిరిగి, "నేను పాఠం సరిగా చెప్పలేదని రాసినా బాగుండేదమ్మా. ఇంకో చోటికి పోయి అడిగేదానికుండేది. ఇప్పుడు ఎవురు పెట్టుకుంటారు?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఆమె అక్కడ నిలవలేకపోయింది.

వికలాంగుల కమిషనర్‌కు ఆమె అర్జీ రాసింది. హజరత్తయ్య సంతకం కావాలని రెండుసార్లు ఫోన్ చేస్తే, రాఘవమ్మే ఎత్తింది. "ఆయన ఫోన్‌కు రానంటన్నాడు. గుడ్డోడినని కాగితం మీద నేను రాసివ్వనంటన్నాడు." అర్జీ అలాగే ఉండిపోయింది. ఆగస్టులో వాళ్లు ఇల్లు ఖాళీ చేసి దొరవారిసత్రం, రాఘవమ్మ తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయారని తెలిసింది. ఆ తర్వాత ఆ నంబరు పనిచెయ్యలేదు. హజరత్తయ్య క్లాసుకు కొత్తవాళ్లను వెయ్యలేదు. పిల్లలకు ఏవో వీడియోల లింకులు పంపారు.

డిసెంబరులో రెండో విడత శిక్షణ. ఈసారి ఇరవై ఎనిమిది మంది. సగం పైగా కాంట్రాక్టు వాళ్లే, హజరత్తయ్య సంగతి విన్నవాళ్లే. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. అర్థమైందా అంటే అందరూ తలలూపారు. మూడో వరసలో తెలుగు లెక్చరర్ పుష్పకుమారి పాఠాన్ని అప్‌లోడ్ చెయ్యలేక గంట నుంచీ అదే పేజీలో ఉంది. చెమటలు పడుతున్నాయి. వనజాక్షి దగ్గరికెళ్లి వంగింది.

"ఎక్కడ ఆగినారు మేడం? నేను చూపిస్తా."

పుష్పకుమారి చప్పున చేత్తో స్క్రీన్‌కు అడ్డం పెట్టింది.

"ఏం లేదు మేడం. నాకు అన్నీ వస్తాయి. నా గురించి రిపోర్టులో ఏం రాయబాకండి."

పక్కనున్నవాళ్లు తమ కంప్యూటర్లలోకి ఇంకా దగ్గరగా తలలు వంచారు. వనజాక్షి వెనక్కి తిరిగి, తన కుర్చీలోకి వెళ్లి కూర్చుంది.