దోసకాయకు మడత కత్తి

పాల ప్యాకెట్ మూల కోయడానికి నా భార్య సుచిత్ర సంచిలోంచి మడత కత్తి తీసింది. నల్ల పిడి, వేలెడు పొడవు. బొటనవేలితో నెడితే సగం తెరుచుకుని ఆగింది. మూసి మళ్లీ నెట్టింది.

"ఏంది గది?" అన్నాను.

"ఆన్‌లైన్ల తెప్పించుకున్న. ఆడోళ్లు సంచిల పెట్టుకునేదే. తొవ్వల అక్కరకొస్తదని."

"తొవ్వల భయమేముంది? ఎల్లేష్ బండి మీదనే వస్తున్నవ్ గదా?"

ఆమె పాలు గిన్నెలో పోసి స్టవ్ వెలిగించింది.

ఎల్లేష్ మా చిన్నాయన కొడుకు. సుచిత్ర కొంపల్లిలో ఒక పళ్ల డాక్టర్ దగ్గర బిల్లింగ్ చూస్తుంది. మేడ్చల్ దాకా బస్సు. అక్కడి నుంచి మా గౌడవెల్లికి సందడి లేని రోడ్డు. నాకు శామీర్‌పేట దగ్గర మందుల కంపెనీలో సాయంత్రం షిఫ్ట్. ఎల్లేష్ మేడ్చల్‌లోనే పని చేసి అదే వేళకు ఊరికి వస్తాడు. ఆటోలో వస్తానని సుచిత్ర అంటే, ఇంటి మనిషి ఉండగా ఎందుకని నేనే వద్దన్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో ఏది కోయాలన్నా ఆ కత్తే. కరివేపాకు కాడ, కొరియర్ డబ్బా మీది టేపు, మిరపకాయ, జాకెట్టు దారం. పనికి ముందు ఊరికే తెరిచి మూసేది. మా అమ్మ బాలనర్సమ్మకు అది నచ్చలేదు.

"ఇంట్ల కత్తిపీట లేదా? సంచిల కత్తేసుకొని తిరిగే కోడల్ని నేనేడ చూడలే బిడ్డా. జర కనిపెట్టి చూడు."

చూడడం మొదలుపెట్టాను. మా పెళ్లయి ఏడాది కాలేదు. అప్పుడే నా దగ్గర ఏదో దాస్తోంది. పనిచేసే చోట ఎవడైనా వెంటపడుతున్నాడా? లేక పాత పరిచయం ఏదైనా ఉందా? మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. భార్య ఫోన్ అడక్కుండా తీయకూడదని తెలుసు. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు తీశాను. ఏమీ లేదు. చెరిపేస్తోందేమో అనిపించింది. చివరికి ఎల్లేష్‌నే పక్కకు పిలిచాను.

"మీ వదినను తొవ్వల ఎవడన్నా కలుస్తుండా?"

వాడు బండి అద్దం తుడవసాగాడు. "నాతోని చెప్పియ్యకే అన్నా. ఫోన్లయితే మస్తొస్తయ్. నేను దగ్గరికి వోతే కట్ చేస్తది."

షిఫ్ట్‌లో మిషన్ ముందు నిలబడ్డా నాకు ఆ మాటే వినబడింది.

ఆదివారం అమ్మ నాటుకోడి వండి ఎల్లేష్‌ను భోజనానికి పిలిచింది. ఆ కత్తి వచ్చాక వాడు మా ఇంట్లోకి రావడం అదే మొదలు. రోజూ సుచిత్రను గల్లీ మొదట్లో దించి వెళ్లిపోతాడు. ఆమె వరండాలో కింద కూర్చుని దోసకాయ చెక్కు తీస్తోంది.

"ఏంది వదినా, కత్తి వట్టుకొనే కూసున్నవ్? మరిదిని కోసి కూరొండుతవా?"

అమ్మ పగలబడి నవ్వింది. "వాడు ముదిరిండు, ఎంత మంటవెట్టినా ఉడకడు తియ్!"

మా దగ్గర వదినా మరుదుల పరాచికాలను ఎవరూ తప్పు పట్టరు. నేనూ నవ్వబోయాను. సుచిత్ర కత్తి మూసి, ఒంటిచేత్తో టక్కున తెరిచింది.

"అబ్బో, గప్పుడు సగమే తెరుసుకుంది గదా వదినా!" అన్నాడు ఎల్లేష్.

నా నవ్వు ఆగిపోయింది. "ఎప్పుడు? యాడ?"

"ఊకెనే అన్నా... పరాచికం."

"యాడరా?"

సుచిత్ర దోసకాయ మీంచి చూపెత్తకుండా చెప్పింది. "ఔటర్ రింగు రోడ్డు బ్రిడ్జి కింద. పెట్రోల్ చూస్తనని బండి ఆపుతడు. చెయ్యి గుంజుతడు. గా దినం కత్తి తీస్తే సగమే తెరుసుకుంది. నవ్విండు. గప్పటిసంది ఇంట్ల ఏ పనికైనా దీన్నే తీస్తున్న. చెయ్యికి అలవాటు గావాలె గదా."

"నాకెందుకు చెప్పలే?"

"అత్తమ్మకు చెప్పిన. మరిది గాదా, పరాచికమాడిండు అన్నది. మీకు చెప్పేలోపట నా ముచ్చట మీరు వోయి వాణ్ణే అడిగిండ్రు. బండి మీద నాకు చెప్పుకుంట నవ్విండు."

అమ్మ గొణిగింది. "వయసు పోరడు, ఏదో..."

"నువ్వాగే అమ్మా. ఎల్లేష్, లే. రేపటిసంది ఆమె కోసం బస్టాండుకు వోయినవంటే బాగుండదు."

"గింతదానికే అన్నదమ్ములం పగవడాల్నా?" అంటూ వాడు అమ్మ వైపు చూశాడు. అమ్మ కూర వడ్డించిన పళ్లెం వాడి ముందుకు జరిపింది. నేను ఆ పళ్లెం ఎత్తి వంటింట్లో పెట్టాను.

"పెట్టిన అన్నం తీస్తవురా!" అమ్మ గొంతు గల్లీలోకి వినిపించింది. ఎదురింటి వాళ్లు తొంగిచూశారు. ఎల్లేష్ చెప్పులు వేసుకుని బండి తీశాడు. వాడు మలుపు తిరిగేదాకా నేను గడపలోనే నిలబడ్డాను.

"షిఫ్ట్ మార్చమని రేపు అడుగుత. నేనే వచ్చి తీస్కొస్త," అన్నాను.

"మార్చకపోతే?"

"మారుస్తరు."

సుచిత్ర తలెత్తి నన్ను చూసింది. ఇన్నాళ్లూ నేను ఆమెను చూసిన చూపే అది.

"మార్చినంక చెప్పుండ్రి," అని ఇంకో దోసకాయ అందుకుంది.