ఊ తీసేసిన సినిమా

అమరనాథ్‌ది మిట్టేమరి. బతుకుతెరువుకు చింతామణిలో పెళ్లి వీడియోలు తీస్తూ, తీరిక దొరికినప్పుడల్లా తమ బోయల కథలు తీసేవాడు. పదేళ్లలో రెండు సినిమాలు తీస్తే చూసిన నాథుడు లేడు. మూడోది పెదనాయన ముత్యాలప్ప చెప్పే వేట కథ. బెంగళూరు ఛానెలొకటి దాన్ని శనివారం వేస్తామంది. వాళ్లు సరిచేసిన సీడీ, సంతకానికి అనుమతి కాగితం బస్సులో వచ్చాయి.

సీడీ తీసుకుని నేరుగా పెదనాయన ఇంటికే పోయాడు. పెద్దమ్మ అక్కమ్మ కొత్త చీర కట్టుకుని టీవీ ముందు కూర్చుంది. నలభై ఏళ్లుగా ముత్యాలప్ప కథకు ఊ కొట్టేది ఆమే.

బొమ్మలో ముత్యాలప్ప పంది కనబడిన చోటి దాకా కథ చెప్పి ఆగాడు. అక్కడ ఊ పడాలి. పడలేదు. ఇంకోచోటా పడలేదు.

"నా ఊ యాడప్పా?" అంది అక్కమ్మ.

వాళ్ల వంశంలో చావింట ఒక కథ చెబుతారు. ఆ ఒక్కదానికే ఎవరూ ఊ కొట్టరు. ముత్యాలప్ప దిగ్గున లేచాడు. "పీనుగు ముందర చెప్పినట్ల చేసినారు గదరా! ఆపు!"

"నేను సచ్చినాననుకున్నారేమో" అని నవ్వబోయింది అక్కమ్మ. నవ్వు రాలేదు.

ఛానెల్లో ఎడిటింగ్ చేసే కిశోర్‌కు అమరనాథ్ ఫోన్ కొట్టి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"ఆ ఆడమనిషి నాయిస్ అంతా తీసేసినాం సార్. ఒక దినమంతా పట్టింది" అన్నాడు కిశోర్ గొప్పగా.

"నాయిస్ కాదప్పా. సగం కథ అది. తిరిగి పెట్టు."

"మీ మాట అర్థమయ్యేదే కష్టం, మళ్లీ ఊ ఊ అంటే ఎవరు చూస్తారు? రేపటికి సంతకం రాకుంటే సినిమా టీవీలో రాదు. ఇది కూడా పెట్టెలో పెట్టుకుని పెళ్లిళ్లు తీసుకోండి."

అక్కమ్మ మెల్లగా అంది: "పోనీలేప్పా. నా గొంతు ఎవురికి కావాల? నీ పేరొస్తే సాలు. సంతకం పెట్టు."

అప్పుడు మండింది అమరనాథ్‌కు. "నువ్వట్లంటావనే వాళ్లు కోస్తాండేది పెద్దమ్మా!" ఆమె మీద ఎన్నడూ గొంతు లేపని వాడు అరిచాడు. కాగితం నాలుగు ముక్కలు చేశాడు. "వెయ్యొద్దు కిశోరూ. నా సినిమా మీరు వెయ్యనే వద్దు."

"ఇంకెప్పుడూ మా గడప ఎక్కలేవు."

"మీ గడప మీరే ఎక్కండి!"

ముత్యాలప్ప ఫోను లాక్కున్నాడు. "ఎవుడ్రా నువ్వు? నా పెండ్లాం గొంతు కోసేదానికి ఎవుడ్రా?" అని అందుకున్నాడు. అవతల లైను ఎప్పుడో కట్టయింది. ముసలాయన మాత్రం కిశోర్ ఏడు తరాలనూ వరసగా తిడుతూనే ఉన్నాడు.