రంగు రాని నీళ్లు

సాయంత్రపు ఎండ ఇందుకూరుపేట రొయ్యల గుంటల మీద బెల్లప్పాకంలా పరుచుకుంది. ఆ వెలుగు పద్మనాభయ్య ఇంట్లో గాజు తొట్టిలోకీ దిగింది. పెళ్లయ్యాక భార్య వాణి ముచ్చటపడిందని ఆయన కొడుకు పెంచలకృష్ణ కొన్న తొట్టి అది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, ఎర్రచేపలు గాలిలో ఈదుతున్నట్టే ఉన్నాయి. ఒకటి మాత్రం వెల్లకిలా తేలుతోంది.

"ఇంకోటి పోయింది. ఈ పిల్ల ఇంట్లో కాలుపెట్టినప్పట్నించీ ఇదే వరస" అంది అత్త రోజారమణి. "రేపు గుంటలో రొయ్యపిల్ల వదిలేటప్పుడు ఈమెని కట్ట మీదికి రావద్దనండి."

రొయ్యపిల్ల వదిలే రోజు ఇంటి ఆడవాళ్లంతా కట్ట మీద పసుపు కుంకుమ చల్లడం ఆ ఇంటి ఆనవాయితీ. తననొక్కదాన్ని ఆపితే ఊరు ఏమనుకుంటుందో వాణికి తెలుసు. సముద్రపు హోరు వింటూ వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేను ఆ తొట్టి ముట్టుకోను గూడా లేదత్తా."

పెంచలకృష్ణ బకెట్ తెచ్చాడు. "ఊరుకో మా. మళ్లా రాళ్లు, నీళ్లు వడగట్టే స్పాంజి అంతా బ్లీచింగ్ కొట్టి కడిగేస్తా. బోరునీళ్లు పట్టి కొత్త చేపలు వదిలితే సరి."

"ప్రతిసారీ అట్టనే చేస్తుండావా?" పద్మనాభయ్య నిదానంగా అడిగాడు.

"ఆ నాయినా. గుంటకి కొట్టమా ఏంది?"

"కొడతాం. కొట్టినాక?"

"ఆగతాం. నీళ్లలో మళ్లా జీవం పుట్టి పచ్చ కలర్ వచ్చిందాకా..." కొడుకు మాట సగంలో ఆగింది.

ఇక్కడ మనం ఒక సంగతి తెలుసుకోవాలి. చేపల మలం, మిగిలిన మేత అమ్మోనియా అనే విషమవుతాయి. రాళ్ల మీదా స్పాంజిలోనూ నెమ్మదిగా కాపురం పెట్టే, కంటికి కనపడని జీవులు ఆ విషాన్ని విరిచి, చివరికి మొక్కల తిండిగా మారుస్తాయి. పెంచలకృష్ణ కడిగిపారేస్తున్నది వాటినే.

"కొంచెం నీళ్లు మార్చు చాలు. తీసిన నీళ్లలోనే స్పాంజి పిండు. తొట్టి కుదురుకునేదాకా కొత్త చేప తేవద్దు" అని పద్మనాభయ్య భార్య వైపు తిరిగాడు. "రొయ్యకి ఇచ్చే టైము కోడలికి ఇయ్యలేవా, రమణీ?"

రోజారమణి తేలుతున్న చేపని తనే బయటికి తీసింది.

మర్నాడు తెల్లవారి గుంట మీద మంచు పాలమీగడలా కదులుతోంది. కట్ట ఎక్కి నాలుగడుగులు వేసిన రోజారమణి వెనక్కి తిరిగి, కట్ట కిందే ఆగిన వాణిని చూసింది. "అక్కడే నిలబడితే ఎట్టమ్మా? ఇంటి కోడలివి, ముందు నువ్వు చల్లు."

వాణి చల్లిన పసుపు నీటి మీద మెల్లగా విచ్చుకుంది. దాన్ని చూస్తూ పద్మనాభయ్య అన్నాడు:

"కారణం వెతికే ఓపిక లేనోళ్లే కొత్తగా వచ్చిన మనిషి మీద నింద వేస్తారు."