కాడికి ఒక్కటే ఎద్దు

జములమ్మకు ఏ విషయంలోనైనా ముందు చెడే కనబడుతుంది. పిల్ల దగ్గితే దవాఖాన గుర్తొస్తుంది, మగడు పొద్దుగూకేదాకా రాకపోతే పాముపుట్టలు గుర్తొస్తాయి. రెండువేల రెండులో మృగశిర కార్తె పొడిగా పోయి, ఆరుద్ర కూడా మొహం చాటేసేసరికి ఆమె బెంగంతా ఎద్దు మీద పడింది. గడ్డివామి అడుగంటింది. ఎద్దు పక్కటెముకలు తేలాయి. అది కొట్టంలోనే కూలబడి చస్తుందని రోజూ మగడి చెవిలో పోరు పెట్టింది.

వాళ్లకున్నది ఒక్క ఎద్దే. పక్కచేను శాంతయ్యకూ ఒక్కటే. ఏటా రెండింటినీ ఒకే కాడికి కట్టి రెండు చేలూ విత్తుకునేవారు. అందుకే, అమ్మేముందు శాంతయ్యతో ఒక మాట అనాలన్నాడు మగడు బాలరాజు.

"చెప్తే ఆగుమంటడు. ఆగినంక సస్తే పైసలెవరిస్తరు?" అంది జములమ్మ.

పెబ్బేరు సంతలో ఎద్దు బేరం నోటితో చెయ్యరు. దళారి తువ్వాలు కప్పి, దాని కింద బాలరాజు వేళ్లు పట్టుకున్నాడు. ధర మరీ తక్కువేమో, బాలరాజు చెయ్యి లాక్కోబోయి భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది. పగ్గం చేతులు మారింది. ఇక చావడానికి ఏమీ లేదనుకొని ఆ రాత్రి జములమ్మ హాయిగా నిద్రపోయింది.

మర్నాడు సాయంత్రం మబ్బు పట్టి తెల్లవార్లూ కురిసింది. పొద్దున్నే శాంతయ్య తన ఎద్దును తోలుకొని వాకిట్లోకొచ్చాడు.

"బావను లెమ్మను చెల్లె. ఇత్తనానికి పదును మంచిగుంది."

బాలరాజు బయటికి రాలేదు. చెప్పాల్సింది ఆమే అయింది.

"అమ్మినం అన్నా, మొన్న సంతల."

శాంతయ్య ఎద్దు మూపురం మీద చెయ్యేశాడు.

"నన్ను గూడ అమ్ముమని అడిగిండ్రు. మీది ఒంటిదైతదని అమ్మలే. ఇంటి కప్పు గడ్డి పీకి దీనికేసిన. ఒక్కమాట అంటే మీదానికి గూడ ఇద్దును గద."

పదును ఆరేలోపు ఊళ్లో ఎవరి ఎద్దూ దొరకలేదు. ఎవరి తొందర వాళ్లది. రెండు చేలూ బీడు పడ్డాయి.

వలస కూలీలను తీసుకుపోయే మేస్త్రీ బండి వచ్చినప్పుడు బాలరాజు వెనకాలే శాంతయ్యా ఎక్కాడు. జములమ్మ దూరంగా నిలబడింది. శాంతయ్య భార్య ముత్యాలమ్మ తనే దగ్గరికొచ్చింది.

"అన్నకు చెప్పు వదినె," అంది. "ఈయనను జర సూసుకొమ్మను. కొత్త తావు గద."

జములమ్మ సరే అనబోయింది. బండి కదలడం చూసి, పరుగున పోయి ఆ మాట మగడి చెవిన వేసింది.