అక్క టేపు

ఆ కుట్టు దుకాణంలో ముప్పై ఏళ్లుగా అక్క కొలిచి కత్తిరించేది, చెల్లి మిషను తొక్కేది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టేవారు కాదు. మూడు నెలల క్రితం కూతురి పురిటికని అక్క ప్రయాణం కట్టినప్పుడు చెల్లికి కాళ్లూ చేతులూ ఆడలేదు. గుమ్మం దాటిన మనిషి మళ్లీ రాదేమోనన్న భయం ఆవిడకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ భయంలో నోరు జారింది.

"వెళ్తే వెళ్లు. మళ్లీ రానక్కర్లేదు."

అక్క కొలతల పుస్తకం బల్ల మీద పెట్టి, మెడలో వేలాడే టేపు తియ్యడం కూడా మరిచి బండెక్కింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

చెల్లి కొత్త టేపు కొనుక్కుని, పుస్తకంలో అక్క రాసిన అంకెలు చూసి తనే కత్తిరించసాగింది. మొదట నర్సు గౌను తిరిగొచ్చింది. తర్వాత వడ్రంగి చొక్కా. ఇవాళ కండక్టరమ్మ యూనిఫాం కోటు వేసుకునే వచ్చి నిలబడింది.

"చూడు పిన్నీ, ఇందులో ఇంకో మనిషిని టికెట్ లేకుండా ఎక్కించుకోవచ్చు."

చెల్లి నవ్వలేకపోయింది. తన చేయి చెడిందేమోనని ఒక అనుమానం. దాన్ని మించినది ఇంకోటి: కోపంతో అక్క పోతూ పోతూ అంకెలు మార్చి రాసిందా? అదే నిజమైతే ఇక ఫోను చెయ్యాల్సిన పనే లేదు. ముప్పై ఏళ్లూ నీళ్లలో కలిసినట్టే.

"కోటు తీసి కాస్త నిలబడు తల్లీ, మళ్లీ కొలుస్తా."

భుజం పదిహేడని రాసి ఉంది, పదిహేనొచ్చింది. చెయ్యి ఇరవై నాలుగుకు ఇరవై రెండు. పొడుగు ముప్పైకి ఇరవై ఎనిమిది.

"చిక్కిపోయానంటావా?"

"చిక్కితే పొట్ట చిక్కుతుంది గానీ చెయ్యి పొట్టవుతుందా?"

"బస్సులో నిలబడీ నిలబడీ అరిగిపోయానేమోలే."

చెల్లి కాలరు ఎత్తు చూసింది. పుస్తకంలో నాలుగు. కండక్టరమ్మ నమూనాకని తెచ్చిన పాత కోటు కాలరు మీద టేపు పెడితే రెండు. ఆవిడ సుద్దముక్క పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. కోపంతో మార్చిన అంకెలైతే ఒకచోట ఒకటి, ఇంకోచోట మూడు తేడా ఉండాలి. టేపు సాగో కుంచించుకుపోయో ఉంటే పొడుగు కొలతకు ఎక్కువ, పొట్టి కొలతకు తక్కువ తేడా రావాలి. ఇక్కడ బెత్తెడు లేని కాలరుకూ రెండే, అంత పొడుగు కోటుకూ రెండే. అంటే చిక్కంతా కొలత మొదలయ్యే చోటే ఉంది. కొలిచిన టేపుతోనే అక్క గుడ్డా కత్తిరించేది కాబట్టి ఇన్నాళ్లూ లెక్క సరిపోయింది.

అక్కకు ఫోను కలిపింది.

"అక్కా, నీ టేపు ఏ అంకె దగ్గర మొదలవుతుంది?"

"మూడు నెలలకి ఫోన్ చేసి అడిగేది ఇదా?"

"ముందు చెప్పక్కా."

"రెండు దగ్గర. నాలుగేళ్ల కిందట ఇస్త్రీపెట్టె దాని మీద పెట్టి నువ్వు నీ దారిన పోయావు. కాలిన ముక్క కత్తిరించి పారేశా. ఆ రోజే కొత్త పుస్తకం మొదలుపెట్టా."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఆ టేపు చూసినప్పుడల్లా ఏడ్చేదానివి. నీ సంగతి నాకు తెలీదా?"

చెల్లి పుస్తకం పేజీలు తిరగేసింది. "ఇప్పుడు పుస్తకం నిండా అంకెలు దిద్దుకోవాలి."

"దిద్దితే ఊరుకోను. వచ్చే నెల వచ్చాక నాకు మళ్లీ అయోమయం. నీ టేపే సరిచేసుకో."

వచ్చే నెల ఏ తారీఖో అడగాలని చెల్లికి నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. ఫోను పెట్టేసి, కత్తెర తీసి, కొత్త టేపును రెండో అంకె దగ్గర పుటుక్కున కత్తిరించింది.

"అదేంటి పిన్నీ, బంగారం లాంటి టేపు."

"నీకెందుకే, ఆ కోటు ఇటివ్వు. కాలరు ఊడదియ్యాలి."