పరుపు తొడుగు

పరుపుకి దుమ్ము చొరబడని గుడ్డ తొడగమన్నాడు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి డాక్టరు. దూదిలో కంటికి ఆనని పురుగులుంటాయట. ఎనిమిదేళ్ళ జ్యోతిర్మయికి ఆయాసం వాటి వల్లేనట. బజార్లో కొట్టువాడు తొడుగు చూపించబోతే తండ్రి అంకమ్మరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేతగాడి కూతురికి కొన్న గుడ్డా? నేనే నేస్తా."

సొంతూరు పెడన చేరిన మర్నాడే గుంట మగ్గంలోకి దిగాడు. నూలుకి గంజి దిట్టంగా పట్టించి, నీళ్ళు పోస్తే నిలిచేంత దగ్గరగా నేశాడు. ఉన్నది ఒకటే గది. మగ్గం పక్కనే పిల్ల మంచం. పోగుని దగ్గరికి బిగించే పలక కొట్టినప్పుడల్లా నూలు నూగు లేచి, కిటికీ ఎండలో కాసేపు తేలి, మంచం మీద వాలేది. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే కనక అది దుమ్మని అతనికి తట్టలేదు. భార్య శివపార్వతి మాత్రం దుప్పట్లన్నీ మరిగే నీళ్ళలో వేసి చేతులు బొబ్బలెక్కేలా ఉతికింది.

తొడుగు వేసిన మూడో రోజుకి పిల్ల పెదాలు నల్లబడ్డాయి. మళ్ళీ విజయవాడ బస్సు.

వెంట తెచ్చిన తొడుగుని డాక్టరు వేళ్ళతో నలిపి చూశాడు. "చాలా బాగుందండీ. ఎక్కడ నేయించారు?"

"నేనేనండి, ఇంట్లోనే. పాప మంచం పక్కనేనండి మగ్గం."

డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. "ఆ సంగతి మొదట చెప్పరేంటండీ! ఆ నూగంతా పీలుస్తోంది. మగ్గమన్నా మారాలి, పిల్లన్నా మారాలి."

నేల తవ్వి దింపిన మగ్గం. ఇంకో గది లేదు. ఇంకో పని రాదు. పిల్లని విజయవాడ పటమటలో అంకమ్మరావు చెల్లెలు మాధురి ఇంట్లో దింపి వచ్చారు.

"నీళ్ళు పోస్తే నిలిచే గుడ్డ నేశారు. పిల్లని నిలుపుకోలేకపోయారు," అంది శివపార్వతి.

వారానికి మాధురి ఫోన్ చేసింది. "అన్నయ్యా, దగ్గన్న మాటే లేదు. నిన్న రెండోసారి అన్నం అడిగి మరీ తింది."

జ్యోతిర్మయి ఫోను లాక్కుంది. "నాన్నా, ఎప్పుడొస్తావు?"

"ఈ పడుగు అయిపోగానే, అమ్మా."

తర్వాతి పడుగు అప్పటికే చుట్టి గోడకి ఆనించి ఉంది. అటువైపు పిల్ల ఊపిరి తేలిగ్గా, చప్పుడు లేకుండా సాగుతోంది. అంకమ్మరావు చెవి ఒగ్గి విన్నాడు. ఒక్కసారి దగ్గితే బాగుండు, అక్కడా తగ్గలేదని ఇంటికి తెచ్చుకోవచ్చు అనిపించింది. అలా అనిపించినందుకు, పక్కనే నిలబడ్డ భార్య మొహంలోకి చూడలేక, గుంటలో తల వంచుకుని కూర్చున్నాడు.